డాక్టరు వేళకి వచ్చి ఉంటే

పొదిలి,
12 నవంబరు, 1961.

పూజ్యులు రాజరాజేశ్వరి టీచరుగారికి,

మీరు పొదిలి హైస్కూల్లో ఉన్నప్పుడు మూడో బెంచీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నానని రోజూ తిట్లు తిన్న జహీరున్నీసా నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమందరం క్షేమం. గుంటూరులో మీరు క్షేమమని తలుస్తాను.

ఎస్సెల్సీ ఇంగ్లీషులో నేను మళ్ళీ తప్పాను. మిగతావన్నీ ఎప్పుడో గట్టెక్కాయి, ఇదొక్కటే నన్ను పట్టుకుని వదలడం లేదు. నాన్న పోయాక ఇక్కడి ఆడపిల్లల బడిలో నాకు టీచరు పని ఇచ్చారు. ఎస్సెల్సీ పూర్తి కాలేదు, ట్రైనింగూ లేదు కాబట్టి తాత్కాలికమే. మార్చి పరీక్షలో ప్యాసయితే ఉంచుతామనీ, లేకపోతే జూన్‌లో వేరే మనిషిని వేసుకుంటామనీ ఇనస్పెక్టరుగారు మొహం మీదే చెప్పి వెళ్ళారు.

మా నాన్న ఇమాం హుస్సేన్ పత్తి ఏకి పరుపులు కుట్టేవాడని మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఆ పని మా అన్న మీరావలి చేస్తాడు. మిరపకాయల రోజుల్లో గుంటూరు వచ్చి కొట్లలో బస్తాలు కుడతాడు. అమ్మకి చూపు ఆనడం లేదు. ఇల్లు నా ఉద్యోగం మీదే ఆనుకుని ఉంది టీచరుగారూ. ఈసారి తప్పితే నాకు ఇంక దారి లేదు.

నన్ను ముంచేది ఆ ఇఫ్ వాక్యాలే. మనం 'వాన పడితే' అని ఊరుకుంటాం. ఇంగ్లీషులో ఒకసారి రెయిన్స్ అంటారు, ఒకసారి రెయిన్డ్ అంటారు, ఇంకోసారి హ్యాడ్ రెయిన్డ్ అంటారు. పడే వాన ఒకటే కదా? పైగా మా ఇంట్లో రేపటి మాట ఏది మాట్లాడినా ఇన్షా అల్లా అనకుండా ఉండలేం. పోయినసారి పరీక్షలో ప్రతి జవాబులోనూ 'దేవుడు తలిస్తే' అని ఇంకొక ఇఫ్ తగిలించి వచ్చాను. దిద్దినాయన ఏమనుకున్నాడో గాని మార్కులు మాత్రం వెయ్యలేదు.

ఉత్తరాల మీద నాకు పాఠం చెప్పండి. కాదనకండి.

మీ విద్యార్థిని,
జహీరున్నీసా


గుంటూరు,
20 నవంబరు, 1961.

చిరంజీవి జహీరున్నీసాకు ఆశీస్సులు.

కిటికీలోంచి చూసే పిల్ల ఇప్పుడు బడి నిండా పిల్లల్ని పెట్టుకుని, కిటికీ వైపు చూడొద్దని తిడుతూ ఉంటుందన్నమాట. నాకు భలే ముచ్చటేసింది. దేవుడి సంగతి పరీక్ష పేపర్లో ఎత్తకు. నువ్వు రాయకపోయినా ఆయన చూసుకుంటాడు.

పాఠం చెప్తాను, మనసు పెట్టి చదువు. వాన ఒకటే, నిజమే. ఇంగ్లీషువాడు అడిగేది వాన గురించి కాదు. మాట్లాడే మనిషికి ఎంత ఆశ మిగిలి ఉందని అడుగుతాడు.

మొదటి రకంలో తలుపు తెరిచే ఉంటుంది. 'వాన పడితే మిరప బతుకుతుంది.' పడవచ్చు, పడకపోవచ్చు, మనం ఆకాశం కేసి చూస్తూ ఉన్నాం. రెండో రకంలో తలుపు దగ్గరికి వేసి ఉంటుంది. 'నేను కలెక్టరునే అయితే పొదిలికి మంచినీళ్ళు తెప్పిస్తాను.' నేను కలెక్టరునీ కాను, పొదిలికి నీళ్ళూ రావు, ఊరికే అనుకుంటున్నాను. మూడో రకంలో తలుపు ఉన్నచోట గోడ కట్టేశారు. 'డాక్టరు వేళకి వచ్చి ఉంటే ఆ తల్లి బతికేది.' డాక్టరు రాలేదు, తల్లి బతకలేదు. ఇంక ఎంత తట్టినా తెరిచేవాళ్ళు లేరు. హ్యాడ్ వచ్చిందంటే గోడ వచ్చిందని గుర్తుపెట్టుకో.

ఈ వాక్యాలు ఇంగ్లీషులో వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. పొద్దున్నే లేచి గట్టిగా పైకి చదువు. ఇంగ్లీషు కళ్ళతో రాదు, నోటితోనే వస్తుంది. గైడుల్లోంచి ఎత్తి రాయకు. మీ ఇల్లు, మీ వీధి, మీ చేలు చూసి నీ వాక్యాలు నువ్వే కట్టు. నీది మందబుద్ధి కాదు, పరధ్యానం. దానికి మందు నా దగ్గరుంది.

ఇట్లు,
రాజరాజేశ్వరి


పొదిలి,
8 జనవరి, 1962.

పూజ్యులు టీచరుగారికి,

ఇక్కడ అందరం క్షేమం. మొదటి తలుపు నాకు వచ్చేసింది. రెండోది కూడా వచ్చినట్టే ఉంది. కానీ నా చదువు వల్ల ఇంట్లోనూ వీధిలోనూ పెద్ద గోల అయింది. ఎలా రాయాలో తెలియడం లేదు.

మీరు చెప్పినట్టే చుట్టూ చూసి వాక్యాలు కట్టాను. 'వాన పడకపోతే ఈ తోట ఎండిపోతుంది' అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ వాకిట్లో నిలబడి గట్టిగా చదివాను. ఆ మిరపతోట వెనకింటి సుబ్బరావమ్మగారిది. ఆవిడ గోడ దగ్గరికి వచ్చి, పొద్దున్నే తథాస్తు దేవతలు తిరిగే వేళ నా తోట మీద ఆ మాటలేందమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత వాన పడలేదు. కాయ తాలుపోతోంది. ఇప్పుడు ఆవిడ నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది.

అసలు సంగతి అది కాదు. మా వదిన జైతున్‌బీకి ఇప్పుడు ఆరో నెల. నేను చదువుతుంటే పక్కన కూర్చుని పత్తిలో గింజలు తీస్తూ వింటుంది. అర్థం కాకపోయినా ఆ పలుకు బాగుంటుందంటుంది. మొన్న మూడో రకం చదువుతుంటే దానికి అర్థమేమిటని అడిగింది. నేను ముందూ వెనకా చూసుకోకుండా చెప్పేశాను. ఆమె చేతిలో పత్తి అట్లాగే ఉండిపోయింది. వదినకి తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆమె కూడా పోయినట్టే పోయి బతికింది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోతే జరగనట్టే అనుకుంటాం.

అమ్మకి తెలిసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ వదిన చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. తర్వాత నాకు, ఆ తర్వాత మీరు పంపిన కాగితానికి కూడా దిష్టి తీసింది. ఇల్లంతా దగ్గుతూ బయటికి పరిగెత్తాం. వదినకి కాన్పు అయ్యేదాకా ఈ ఇంట్లో 'ఒకవేళ' అన్న మాట వినపడకూడదని ఒట్టు పెట్టించుకుంది.

నేను ఇప్పుడు పరుపుల గదిలో దూరి పెదవులతో చదువుకుంటున్నాను. నవ్వుతారేమో గాని, నాకూ భయం పట్టుకుంది. నా మాట వదినకి తగులుతుందా టీచరుగారూ? ఆ వాక్యం ఏ గైడులోనూ కనపడలేదు. మీరెక్కణ్ణించి తెచ్చారు?

మీ జహీరున్నీసా


గుంటూరు,
19 జనవరి, 1962.

చి. జహీరున్నీసాకు,

నీ వాక్యాలు దిద్ది పంపుతున్నాను. రెండో రకంలో ఇంకా వుడ్ మర్చిపోతున్నావు.

ఆ డాక్టరు వాక్యం కొట్టేయి. అది గైడులో ఉండదు, నేను కట్టుకున్నదే. ఏటేటా క్లాసులో చెప్పి చెప్పి అలవాటైంది. దాని బదులు 'రైలు తప్పి ఉండకపోతే పెళ్ళికి అందుకునేదాన్ని' అని రాసుకో.

మాటకి మనుషుల్ని చంపే శక్తే ఉంటే నా క్లాసులో సగం మంది ఈపాటికి ఉండేవారు కాదు. పిచ్చి భయాలు పెట్టుకోకు. మీ వదిన సంగతి మీ పెద్దవాళ్ళు చూసుకుంటారు. పరీక్ష దగ్గరపడుతోంది, నువ్వు చదువు చూసుకో.

రాజరాజేశ్వరి


పొదిలి,
20 ఫిబ్రవరి, 1962.

టీచరుగారికి,

ఈ ఉత్తరం బడిలో కూర్చుని రాస్తున్నాను. క్షేమం అని మొదలుపెట్టలేదు, చూశారా. ఇక్కడ క్షేమం లేదు.

వదినకి కాళ్ళు పొంగాయి. తర్వాత చేతులు, ఇప్పుడు మొహం కూడా. గాజులు మణికట్టులోకి దిగబడిపోయి చర్మం కమిలింది. పగలగొట్టి తీసేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. అన్న ఊళ్ళో లేని వేళ పెళ్ళాం చేతి గాజులు పగలగొడతారా అంటుంది. తలనొప్పి అని వదిన గోడకి తల ఆనించి కూర్చుంటుంది. సూదిలో దారం ఎక్కించలేకపోయింది. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయంటోంది, పట్టపగలు.

మంత్రసాని వచ్చి ఒంటికి నీరు పట్టిందంతే అంది. నేను కాళ్ళావేళ్ళా పడి ఇక్కడి మందుల ఆస్పత్రి కాంపౌండరుని పిలుచుకొచ్చాను. ఆయన గుమ్మంలోంచి చూసి, వెంటనే ఒంగోలు తీసుకుపోయి లేడీ డాక్టరుకి చూపించమన్నాడు. పురిటికి పెద్దాస్పత్రికి పోవడమంటే చావుకి ఎదురెళ్ళడమని అమ్మ ఆయన్ని పంపేసింది.

అప్పుడు నేను ఒట్టు తప్పాను. "అమ్మా, ఒకవేళ వదినకి పోయినసారిలాగే అయితే ఏం చేద్దాం?" అని అడిగేశాను. అమ్మ చెంప మీద కొట్టింది. కొట్టి, అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మకి వదిన మీద ప్రేమ లేక కాదు టీచరుగారూ. చెడు మాట అననంతకాలం చెడు రాదని నమ్ముకుని కూర్చుంది. అప్పట్నించీ నాతో మాట్లాడటం లేదు.

నిన్న నేను నీళ్ళిస్తుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది. "జహీరూ, నన్ను తీసకపోవే. నేను అనకూడదు. నువ్వు అను," అంది. నేను అన్నాను కదా, ఎవరు విన్నారు? అన్న మాట లేనిదే ఆమెని గడప దాటించలేను.

అన్న మీ గుంటూర్లోనే ఉన్నాడు. మిరపకాయల కమీషను కొట్ల దగ్గర బస్తాలు కుట్టే పొదిలి మీరావలి అంటే చెప్తారు. అతనికి చదువు రాదు. నేను ఉత్తరం రాస్తే కొట్టు గుమాస్తా పదిమందిలో పైకి చదువుతాడు. ఆడవాళ్ళ ఒంటి సంగతి అలా చదివిస్తే అన్న తలెత్తుకోలేడు. వారం వారం అమ్మ చెప్తుంటే కార్డు రాసేది నేనే. 'అందరం క్షేమం, వదిన క్షేమం.' నా చేత్తో నేనే రాస్తున్నాను. ఆ కార్డు డబ్బాలో వేసి వచ్చేటప్పుడు నా చెయ్యి నాకే అసహ్యం వేస్తోంది.

మీరు వెళ్ళి అన్నతో చెప్పండి. నాకు ఇంకెవరూ లేరు. నన్ను చదువు చూసుకోమన్నారు మీరు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడటం లేదు.

జహీరున్నీసా


గుంటూరు,
25 ఫిబ్రవరి, 1962.

నా తల్లీ జహీరున్నీసా,

నీ ఉత్తరం అందాక ఒక రోజంతా ఏమీ చేయకుండా కూర్చున్నాను. ఎందుకో చెప్తాను.

కామేశ్వరి నా చెల్లెలు. దాని అత్తవారిది సింగరాయకొండ. అప్పుడు నేను మద్రాసులో ట్రైనింగులో ఉన్నాను. దానికి నెలలు నిండుతున్నప్పుడు ఇంటి నుంచి ఉత్తరాలు సరిగ్గానే వస్తుండేవి. ప్రతి దాంట్లోనూ 'చిరంజీవి కామేశ్వరి క్షేమం'. కాళ్ళు పొంగాయని ఎవరూ రాయలేదు, అశుభం కాగితం మీద పెట్టకూడదని. నాలుగు క్షేమాల తర్వాత, చదివి చింపేయవలసిన చావు కబురు కార్డు వచ్చింది. రెండు మూడు స్టేషన్ల అవతల ఒంగోల్లో డాక్టరు ఉంది. రైళ్ళూ ఉన్నాయి. డబ్బుకి లోటు లేని ఇల్లు. కానీ డాక్టరుని ముందుగా పిలవాలంటే ఎవరో ఒకరు 'ఒకవేళ' అనాలి కదా. అంతమంది పెద్దవాళ్ళలో ఆ మాట అనేవాళ్ళు లేకపోయారు.

దాని పేరు ఇంట్లో ఎత్తనివ్వరు. అందుకని ఆ డాక్టరు వాక్యాన్ని క్లాసులో నల్లబల్ల మీద రాస్తాను. పిల్లలందరూ ఒక్క గొంతుతో చదువుతారు. వాళ్ళకి అది వ్యాకరణం. నువ్వొక్కదానివే ఎక్కడిదని అడిగావు. అడిగినందుకు నీకు కోపంగా జవాబు రాశాను.

ఈ పొద్దున కొట్ల దగ్గరికి వెళ్ళాను. ఆ ఘాటుకి కొంగు ముక్కుకి కట్టుకున్నా తుమ్ములు ఆగలేదు. హమాలీలు నన్నో వింతగా చూశారు. మీ అన్న గోనె మీద కూర్చుని దబ్బనంతో బస్తా మూతి కుడుతున్నాడు. పక్కకి పిలిచి, నువ్వు రాసినదంతా ఒక్కటీ దాచకుండా చెప్పాను. ముందు నమ్మలేదు. జేబులోంచి మీ కార్డులన్నీ తీసి చూపించాడు, చదవలేకపోయినా దాచుకున్నాడు. అందరూ క్షేమమేనని వారం వారం రాస్తన్నారండీ అన్నాడు. ఆ కార్డు రాసే చెయ్యే నాకు ఇదీ రాసిందని నీ ఉత్తరం చూపించాను.

అతను ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "పోయినసారి కూడా అట్టాగే రాశారండీ," అన్నాడు. దబ్బనం కింద పెట్టేశాడు. మిరపకాయల చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు, ఇంక ఆ మంట చెప్పనక్కర్లేదు. ఎవరో నీళ్ళు తెచ్చి పోశారు. కాసేపటికి, "ఆ మాట మా ఇంట్లో ఎవరం అనలేమండీ. మీరు అన్నారు, సరిపోయింది. నన్నేం చెయ్యమంటారో చెప్పండి," అన్నాడు.

ఒంగోలు డాక్టరుకి చీటీ రాసి ఇచ్చాను. సాయంత్రం రైలు ఎక్కుతున్నాడు. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఇంటికి చేరి ఉంటాడు. ఒకవేళ చేరకపోతే, నేనే అంటున్నాను, ఒకవేళ చేరకపోతే నువ్వు ఆగకు. బండి కట్టించి వదినని నువ్వే తీసుకుపో. అమ్మ కొట్టినా సరే.

నీ మాట తగులుతుందా అని అడిగావు. నాకు తెలిసి మాట ఎవరినీ చంపలేదు. మూసిన నోళ్ళు ఒక మనిషిని చంపడం నేను ఎరుగుదును.

నాకు ఇకమీదట క్షేమం అని రాయకు. ఉన్నది ఉన్నట్టు రాయి. మంచి కబురైతే మాత్రం మూలలకి పసుపు పుయ్యి. చదవకముందే తెలుసుకోవాలి. చదివేదాకా ఆగే శక్తి నాకు లేదు.

రాజరాజేశ్వరి


ఒంగోలు,
29 మార్చి, 1962.

టీచరుగారూ,

పసుపు చూశారు కదా, ఊపిరి పీల్చుకోండి. నాలుగు మూలలకీ పూశాను. వదిన బతికింది. ఇన్నాళ్ళూ ఉత్తరం రాయనిది పసుపు పూసే రోజు వస్తుందో రాదో తెలియకే.

ఆ రోజు అన్న బస్సు దిగి నేరుగా వదిన దగ్గరికి వెళ్ళాడు. మొహం చూసి గుర్తుపట్టలేదు. అమ్మ అడ్డం వచ్చి ఏదో చెప్పబోయింది. అన్న వదిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పాత గుడ్డ అడ్డం దూర్చి, తన చేతులతోనే గాజులన్నీ చిట్లగొట్టాడు. "నా ఆయుష్షు సంగతి తర్వాత చూద్దాంలే అమ్మా," అన్నాడు. అమ్మ అన్నం తినడం మానేసింది. మాతో రాలేదు.

ఇక్కడ డాక్టరమ్మ మీ చీటీ చదివి వదినని చేర్చుకుంది. ఉప్పు లేని తిండి పెట్టి, చీకటి గదిలో పడుకోబెట్టారు. ఇంకొక వారం ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదంది. నెల గడుస్తోంది, గండం దాటిందనుకున్నాం. సరిగ్గా ఇక్కడే ఒంగోల్లో నా ఇంగ్లీషు పరీక్ష ఉన్న పొద్దున వదినకి ఫిట్స్ వచ్చాయి. పళ్ళు బిగుసుకుపోయి, కళ్ళు పైకి పోయి, మంచం అదిరిపోయింది. తలుపు మూసేశారు. నేను కదలనన్నాను. అన్న నా భుజం పట్టుకుని వీధిలోకి నెట్టాడు. నువ్విక్కడుండి చేసేదేముంది, ఆ పనన్నా కానీ అన్నాడు.

పరీక్షలో ఏం రాశానో సగం గుర్తులేదు. ఇఫ్ వాక్యాలు మూడు రకాలూ సొంతంగా రాయమన్నారు. మొదటిది రాశాను. రెండోది రాశాను, వుడ్ మర్చిపోలేదు. మూడోదానికి మీ వాక్యం అక్షరం పొల్లుపోకుండా నాలిక మీదికి వచ్చింది. కొట్టెయ్యమన్నారని తెలుసు. రైలు వాక్యం రాద్దామన్నా చెయ్యి కదలలేదు. వదిన తలుపు అవతల ఉంది. నేను ఇక్కడ కూర్చుని హ్యాడ్ అని రాసి గోడ కట్టలేను కదా. మీరు తిట్టినా సరే, నేనూ మా అమ్మ కూతురినే. ఆ చోటు ఖాళీగా వదిలేసి, కాగితం ఇచ్చేసి పరిగెత్తాను.

పరీక్ష ఏమవుతుందో తెలియదు. ఆ మార్కులకే తప్పితే ఉద్యోగం పోతుంది. పోతే సెప్టెంబరులో మళ్ళీ కడతాను. ఇప్పుడు దాని గురించి ఏడవడానికి నా దగ్గర కన్నీళ్ళు మిగల్లేదు.

నేను వచ్చేసరికి వదిన కళ్ళు తెరిచే ఉంది. ఆడపిల్ల. ఎంత చిన్నదంటే అరచేతిలోకి వస్తుందేమో అనిపించింది. ఏడుపు కూడా పిల్లికూన కూతంత. ఒళ్ళు చల్లబడకుండా మంచి పత్తిలో పెట్టాలని నర్సు చెప్పింది. అన్న పొదిలికి కబురు పంపాడు. మర్నాడు బస్సులో అమ్మ దిగింది, నెత్తిన పత్తి మూటతో. చూపు ఆనకపోయినా నాన్న దూది ఏకే విల్లు దించి, తన చేత్తో ఏకి, ఒక్క గింజ నలక లేకుండా తెచ్చింది. పిల్లని అందులో పొదిగి, వదిన కమిలిన చేతులు తడుముతూ కూర్చుంది.

పిల్ల పాలు పట్టడం లేదు. వత్తితో ఒక్కో చుక్కా వేస్తే సగం బయటికే వచ్చేది. నిన్న సాయంత్రం అమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. ఇన్నాళ్ళ తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అదే. "జహీరూ, ఒకవేళ పిల్ల రేపటికి కూడా పాలు తాగకపోతే ఏం చేద్దామే?" అని అడిగింది.

నేను అమ్మ చెయ్యి పట్టుకుని వరండా మెట్ల దగ్గరికి నడిపించాను. తర్వాత ఇద్దరం ఆ మెట్ల మీద కూర్చుని, అలా అయితే ఏ నర్సుని లేపాలో, డాక్టరమ్మ ఇల్లు ఎక్కడో, ఎవరు పిల్ల దగ్గరుండాలో, ఎవరు పరిగెత్తాలో ఒక్కొక్కటే మాట్లాడుకున్నాం. అమ్మ అన్నీ విని, మళ్ళీ ఒకసారి నాతో చెప్పించుకుంది.

ఈ పొద్దున పిల్ల పాలు తాగింది.

మీ జహీరున్నీసా